కరోనీ ఇచ్చిన ఎరుపు

ట్రినిడాడ్ వెళ్లేవాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే. సముద్రం ఎక్కడికీ పోదు, దాన్ని చివరికి ఉంచుకోండి. ముందు కరోనీ నది వెంట వెళ్లండి. ఉత్తరపు కొండల నీళ్లెన్నో కలుపుకుని, మైదానం మీదుగా పడమటికి సాగి, మడ అడవుల గుండా పారియా సింధుశాఖలో కలిసే ఈ నది పొడవు సుమారు 40 కిలోమీటర్లు. గోదావరి గట్టు మీద పెరిగిన కళ్లకు అది పంట కాలువలా కనిపిస్తుంది. అయినా ఆ దీవిలో మనసు నిలిచిపోయే చోట్లు చాలావరకు ఈ చిన్న నదినీ దాని ఉపనదులనీ అంటిపెట్టుకునే ఉన్నాయి. ఈ ప్రయాణం చివర ఒక ఎర్రటి సాయంత్రం ఉంది. ఆ ఎరుపు ఎక్కడిదో పైనుంచి దిగుతూ వస్తేనే తెలుస్తుంది.

పైన అరిపో కొండ ఉంది. 940 మీటర్ల ఎత్తుతో దీవిలో అదే పెద్దది. ట్రినిడాడ్ ఒకప్పుడు దక్షిణ అమెరికాలో భాగం. ఇప్పటికీ వెనిజువెలా తీరం చూపు ఆనేంత దగ్గర, పదకొండు కిలోమీటర్లు. అందుకే చాలా కరీబియన్ దీవుల్లో లేనంత అడవి సంపద ఇక్కడ ఉంది. ఇంత చిన్న నేల మీద నాలుగు వందలకు పైగా పక్షి జాతులు కనిపిస్తాయి. అరిపో గుహల్లో ఆయిల్‌బర్డ్ అనే పక్షి కాపురం ఉంటుంది. పగలంతా చీకట్లో ఉండి, రాత్రి పండ్ల కోసం బయటికి వస్తుంది. గబ్బిలంలా తన చప్పుడు ప్రతిధ్వనిని విని దారి పోల్చుకుంటుంది. గుహ వాకిట్లో నిలబడితే ఆ కేకలు లోపలి రాళ్లకు కొట్టుకుని మన గుండెలకు తగులుతాయి. దారిలో వాగులు దాటాలి, రాళ్లు జారతాయి. తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, జనవరి నుంచి మే లోపు పొడి రోజుల్లో వెళ్లడం క్షేమం.

అదే అరిపో వాగులో వంగి చూడండి. వేలి గోరంత చేపలు మసులుతుంటాయి. అవి గప్పీలు. మన దేశంలో దోమ పిల్లల్ని తినడానికి బావుల్లో, నీళ్ల తొట్టెల్లో వదిలే చేప ఇదే. ఇక్కడినుంచి లండన్‌కు నమూనాలు పంపిన రాబర్ట్ గప్పీ పేరు 1866లో దానికి అంటుకుంది. కింద, పెద్ద చేపలు తిరిగే మడుగుల్లో మగ గప్పీలు వెలిసిపోయిన రంగులో ఉంటాయి. మెరిస్తే ప్రాణం పోతుంది. జలపాతం పైన, ఆ పెద్ద చేపలు ఎక్కిరాలేని చోట, అవే గప్పీలు నారింజ చుక్కలతో పెళ్లికొడుకుల్లా ఉంటాయి. జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త 1976లో కింది నీళ్లలోంచి రెండు వందల గప్పీల్ని తీసి, ఆ పెద్ద చేపలు లేని ఒక పిల్లవాగులో వదిలాడు. రెండేళ్లు తిరిగేసరికి వాటి సంతానం మీద రంగులు పెరిగాయి. పరిణామం అనేది లక్షల ఏళ్ల వ్యవహారం మాత్రమే కాదని, మనిషి కళ్ల ముందే జరుగుతుందని ఈ వాగు చూపించింది. ఆ నారింజ రంగు సరుకులో కొంత చేప ఒంట్లో తయారయ్యేది కాదు. నీటి పాచి నుంచి, వాగులో రాలిన పండ్ల నుంచి వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మడ అడవి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పడమటికి జరిగితే గ్వానపో లోయ. అక్కడ నది రెండు రాతిగోడల మధ్య ఇరుక్కుని పారుతుంది. లైఫ్‌జాకెట్ వేసుకుని కొంత నడుస్తూ, కొంత ఈదుతూ ఆ ఇరుకులోంచి బయటపడటం సందర్శకులు మరిచిపోని పని. తల ఎత్తితే ఆకాశం ఒక గీతలా కనిపిస్తుంది. పక్కనే అరిమా లోయ. ఇక్కడి ఒక పాత కోకో, కాఫీ తోటను 1967లో ఆసా రైట్ ప్రకృతి కేంద్రంగా మార్చారు. పక్షులు చూసేవాళ్లు ఆ తోట ఇంటి వరండాను పుణ్యక్షేత్రంలా తలుచుకుంటారు. కుర్చీలో కూర్చున్నవాళ్ల చెవి పక్కనుంచే హమ్మింగ్‌బర్డ్ దూసుకుపోతుంది. ముందుగా కనుక్కుని, వేళ ఖాయం చేసుకుని వెళ్లాలి.

లోయ దిగితే అరిమా పట్నం. కొలంబస్ 1498లో ఈ దీవిని చూసి పేరు పెట్టకముందే ఇక్కడ ఊళ్లున్నాయి, పేర్లున్నాయి. అరిపో, గ్వానపో, అరిమా, అరౌకా, తకరిగ్వా, కరోనీ అనే ఈ పేర్లన్నీ ఆ తొలి జనం మాటలే. వాళ్ల భాషలు పోయాయి, నదులు మాత్రం ఆ భాషల్లోనే పారుతున్నాయి. వాళ్ల వారసులు అరిమాలో ఇంకా ఉన్నారు, ఆగస్టులో సాంటా రోసా ఉత్సవం చేస్తారు.

అరౌకా నది పట్టుకుని మళ్లీ పైకి వెళ్తే లోపినో అనే పల్లె. పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో ఒక ఫ్రెంచి జమీందారు బానిసలతో నరికించి, నాటించిన కోకో తోట అది. కోకోకి ట్రినిడాడ్‌తో ఉన్న బంధం గొప్పది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పాత రకం తోటలు నాశనమైతే, బయటినుంచి తెచ్చిన గట్టి రకంతో మిగిలినది కలిసి కొత్త రకం పుట్టింది. ప్రపంచం దాన్ని ఈ దీవి పేరుతోనే ట్రినిటారియో అంటుంది. కొబ్బరి తోటల మధ్య కోకో పెంచే ఏలూరు, పశ్చిమ గోదావరి రైతులు ఈ చెట్టును చూడగానే పోల్చుకుంటారు. కొమ్మ చివర కాకుండా మానుకే అతుక్కుని, ఎర్రగా, పచ్చగా వేలాడే ఆ కాయల్ని పోల్చుకోకపోవడం కష్టం. గింజల్ని ఎండబెట్టి, మెరుపు కోసం కాళ్లతో తొక్కుతూ తిరగడాన్ని ఇక్కడివాళ్లు కోకో నాట్యం అంటారు. డిసెంబరులో వెళ్తే, ఈ పల్లెలో స్పానిష్ మాటలతో ఇల్లిల్లూ తిరిగి పాడే పరాంగ్ క్రిస్మస్ పాటలు వినొచ్చు.

నది దగ్గర ఏం చేయాలని ట్రినిడాడ్ మనిషిని అడిగితే 'లైమ్' అంటాడు. పనేమీ పెట్టుకోకుండా నలుగురూ చేరి కాలం గడపడమని దాని అర్థం. ఆదివారం కౌరా లోయకు వెళ్లండి. నీళ్ల ఒడ్డున రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నె, అందులో బాతు కూర. పిల్లలు మడుగులో, పెద్దలు మోకాలి లోతు నీళ్లలో. పరిచయం లేకపోయినా పళ్లెం చేతికొస్తుంది. కార్తిక వనభోజనాలు ఎరిగిన మనకు ఎవరూ వివరించక్కర్లేని పండుగ అది.

తర్వాత సెయింట్ జోసెఫ్. స్పెయిన్‌వాళ్లు 1592లో కట్టుకున్న తొలి రాజధాని. మూడేళ్లకే ఇంగ్లండు నుంచి వచ్చిన వాల్టర్ రాలీ తగలబెట్టాడు. ఈ ఊరి వెనక లోయలో మరాకస్ జలపాతం 90 మీటర్ల పైనుంచి పడుతుంది, ఆ నీళ్లూ చివరికి కరోనీలోకే. పొద్దున్నే ఇక్కడికి దగ్గర్లోని క్యురీప్ కూడలిలో బండి దగ్గర నిలబడి డబుల్స్ తినండి. పసుపు కలిపిన పిండిని పల్చగా సాగదీసి నూనెలో వేసిన రెండు బారాలు, మధ్యలో శనగల కూర, పైన చింతపండు చట్నీ, మిరపకారం. కారం ఎంత అని బండివాడు అడుగుతాడు. మన నాలుకను నమ్ముకుని ఎక్కువే వేయమనకండి, అక్కడి మిరపకాయ వేరు.

కొండ దిగిన నది ఇక్కడినుంచి మందగిస్తుంది. రెండు పక్కలా కరోనీ మైదానం. ఆ మైదానం మాట్లాడటం మొదలుపెడితే మన గొంతు వినిపిస్తుంది.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చింది. 1845 మే 30న ఫతే అల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి విడత మనుషుల్ని దించింది. 1917 దాకా సుమారు 1,44,000 మంది అలా వచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురి, అవధి మాట్లాడే పల్లెలవాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లు కొద్ది వేలు. వాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ దిగగానే అందరి పేరూ 'మద్రాసీ' అయింది. ఈ పొలాల్లో ఎవరో ఒకరు తెలుగులో చివరి మాట మాట్లాడి ఉంటారు, వినేవాళ్లు లేక ఆగిపోయి ఉంటారు. ఆ గట్టు మీద నిలబడితే ఈ ఊహ గొంతులో అడ్డుపడుతుంది.

చెరకు పోయింది; ప్రభుత్వ చక్కెర కంపెనీ 2003లో మూతపడింది. మనుషులు మిగిలారు. వాళ్లు తెచ్చుకున్నవీ మిగిలాయి. చగ్వానాస్‌లో రచయిత వి.ఎస్. నైపాల్ పుట్టాడు. పక్కనే ఫెలిసిటీ అనే పల్లెలో ఊరి జనం ఆడే రామలీలను కవి డెరెక్ వాల్కాట్ 1992 నోబెల్ ప్రసంగంలో తలుచుకున్నాడు. నది వదిలి ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే కారపిచైమాలో, గణపతి సచ్చిదానంద స్వామి దత్త పీఠం కట్టించిన ఆలయం దగ్గర 85 అడుగుల హనుమంతుడు నిలబడి ఉంటాడు. ఆ పీఠానికి మన దగ్గర భక్తులెందరో. ఆ ఆలయం సమీపంలోనే వాటర్లూ తీరంలో సముద్రపు గుడి. శివదాస్ సాధు అనే కూలీ 1947లో చక్కెర కంపెనీ నేల మీద చిన్న గుడి కట్టాడు. కంపెనీ నేల అని దాన్ని కూల్చి, అతనికి జైలు, జరిమానా వేశారు. నేల మీ సొంతమైతే సముద్రం ఎవరిదన్నట్టు, అతను రాళ్లూ మట్టీ మోసుకుంటూ నీళ్లలోకే దారి వేశాడు. పాతికేళ్లు ఒంటరిగా మోశాడు. సముద్రం కొట్టేసినదాన్ని 1995లో తిరిగి కట్టారు. పాటు తీసినప్పుడు బురద మధ్య, పోటు వచ్చినప్పుడు నీళ్ల మధ్య ఆ గుడి నిలబడి ఉంటుంది. వెళ్తే చెప్పులు విప్పి, ఆ గట్టు పొడుగునా నెమ్మదిగా నడవండి.

మళ్లీ కరోనీకి వద్దాం. నది సముద్రానికి దగ్గరపడే చోట ఒడ్డున చితులు పేర్చే స్థలం ఉంది. హిందువుల దహనానికి ఈ దీవి చట్టం చాలా కాలం ఒప్పుకోలేదు. వలస వచ్చినవాళ్లు తమవాళ్లను పూడ్చిపెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు బాహాటంగా కట్టె కాలుతుంది, బూడిద ఈ నీళ్లలో కలుస్తుంది. గంగ చాలా దూరం, కాశీకి ఓడ లేదు. కాబట్టి వాళ్లు కరోనీనే గంగ చేసుకున్నారు. పుట్టిన చోటు మనం ఎంచుకున్నది కాదు. అస్థికలు ఏ నీటిలో కలపాలన్నది మాత్రం బతికినవాళ్లు తీసుకునే నిర్ణయం. ఒక నేల పరాయిది కాకుండా పోయేది అప్పుడే అని నా నమ్మకం. సందర్శకులు అక్కడ కెమెరా తీయకూడదు. దూరంగా ఒక్క క్షణం తల వంచి సాగిపోవాలి.

నదికి ఈ మైదానం ఇస్తున్నది మర్యాద ఒక్కటే కాదు. క్వారీల మట్టి, చెత్తకుప్పల ఊట, ఇళ్ల మురుగు కూడా ఇందులోకే చేరుతున్నాయి. ఈ నీటినే శుద్ధి చేసి దీవిలో ఎన్నో ఇళ్లకు తాగడానికి పంపుతారు. తల్లి అని మొక్కిన చేత్తోనే మురికి వదిలే అలవాటు అక్కడి వాళ్ల ఒక్కళ్లదే కాదు. మూసీ ఒడ్డు మనుషులం మనం వేలెత్తి చూపలేం, కలిసి బాధపడగలం.

చివరికి మడ అడవి. 2005 నుంచి రామ్‌సర్ గుర్తింపు ఉన్న కరోనీ చిత్తడి నేల ఇది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకు చదును పడవలు బయల్దేరతాయి. ఊడల మీద ఆల్చిప్పలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. కొమ్మకు చుట్టలు చుట్టి నిద్రపోతున్న బోవా పామును పడవవాడే చూపించాలి, మన కంటికి ఆనదు. తర్వాత విశాలమైన మడుగులోకి వచ్చి పడవ ఆగుతుంది, ఇంజను ఆగుతుంది. ఎదురుగా ఒక పచ్చని లంక.

ముందు ఒకటి వస్తుంది, తర్వాత ఐదారు, తర్వాత వందలు. ఇవి స్కార్లెట్ ఐబిస్‌లు, మన వరిచేలల్లో తిరిగే తెల్ల కంకణాలకు దాయాదులు, ఈ దేశపు జాతీయ పక్షులు. నెత్తురంత ఎరుపు. పొద్దు వాలేకొద్దీ అవి ఆ లంక మీద వాలుతుంటే పచ్చని చెట్లు మోదుగు పూసినట్టు మారిపోతాయి. ఒకప్పుడు వీటిని మాంసం కోసం వేటాడారు. 2018లో ప్రత్యేక రక్షణ కల్పించారు. చంపితే లక్ష ట్రినిడాడ్ డాలర్ల జరిమానా, జైలు.

పిల్ల ఐబిస్ ఎర్రగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. ఈ బురదలోని పీతల్నీ రొయ్యల్నీ తినగా తినగా రెక్క ఎర్రబడుతుంది. పైన గప్పీ చుక్కకు రంగు వాగు ఇచ్చినట్టే, ఇక్కడ ఈ రెక్కకు రంగు బురద ఇచ్చింది. ఆ బురద అరిపో రాయి అరిగి వచ్చినది, చెరకు చేల మట్టి కడిగి తెచ్చినది, చితి బూడిద కలుపుకున్నది. పడవలో ఎవరూ మాట్లాడరు. చీకటి పడుతుంటే ఇంకా కొన్ని బూడిద రంగు పిల్లలు పెద్దవాటి పక్కన చోటు వెతుక్కుంటూ వాలుతుంటాయి.