పెన్సిల్ పెట్టుకో బేటా

మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదువుతోంది. పోయిన డిసెంబరులో కాలేజీవాళ్ళు రెండు రోజులు నేలపట్టుకీ, పులికాట్‌కీ తీసుకెళతామన్నారు. పక్షుల్ని చూడటం, పడవెక్కడం, బురదలో నడవడం, రాత్రి సూళ్ళూరుపేటలో బస. ఆ కాలేజీ సీటు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో తాను పట్టిన విద్యా రొట్టె బర్కత్ అని మా అమ్మీ యకీన్. అందుకని ఈ సఫర్‌కి సామాన్ సర్దే హక్ కూడా తనదే అనుకుంది.

కాలేజీవాళ్ళ లిస్టులో టోపీ, బూట్లు, నీళ్ళ బాటిల్, నోట్‌బుక్, పెన్ను ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా సాలీ ఫోన్ చేసి, "డిసెంబర్ కదా భాయ్, స్వెట్టర్ మర్చిపోవద్దు" అంది.

స్వెట్టర్ మాట వినగానే అమ్మీ నవ్వింది. హైదరాబాద్ వాళ్ళకి బారిష్ అంటే జూన్ నుంచి సెప్టెంబర్. మా నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య ఋతుపవనాలతో. పొద్దున చెమటలు కారుతుంటాయి, జొహర్ వేళకి మబ్బు కమ్ముతుంది, అసర్‌కి రోడ్డు కనపడదు, మగ్రిబ్‌కి చుక్కలు మెరుస్తుంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను మా తీరం పక్క నుంచే పైకి జరుగుతూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. ఆ వారం రిపోర్టింగ్ కోసం కొన్న గొడుగు మైపాడులో మొదటి గాలికే తిరగబడింది. అప్పట్నుంచి మా ఇంట్లో గొడుగు ఎండకే.

పక్షులు కూడా ఈ మౌసమ్‌ని నమ్ముకునే వస్తాయి. చెరువు నిండాకే నేలపట్టులో నీళ్ళ మధ్య నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. కాబట్టి వాటిని చూడ్డానికి పోయేవాళ్ళు తడవడానికి నియ్యత్ చేసుకునే బయల్దేరాలి.

బూట్లు నేనే తీయించేశాను. పులికాట్ చాలా చోట్ల మోకాలి లోతే. ఫ్లెమింగోలు నిలబడి మేసేదీ అందుకే, పడవలు బురదలో ఇరుక్కునేదీ అందుకే. ఆ బురదలో కాలు పైకొస్తుంది గానీ బూటు రాదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు. ఎర్ర రెయిన్‌కోటు చూస్తే పక్షులు బెదురుతాయని మేడమ్ చెప్పిందట, నా పాత బూడిదరంగుది ఇచ్చాను.

మిగతాదంతా అమ్మీ ఇంతెజామ్. ఖజూర్, వేయించిన శనగలు, జ్వరం మాత్రలు, పల్చటి జానమాజ్. ఒక జత బట్టలు విడిగా ప్లాస్టిక్ సంచీలో పెట్టి రెండు ముళ్ళు వేసింది. "ఇది రాత్రికి. పగలు ఎంత తడిసినా దీన్ని ముట్టుకోవద్దు. తడిసిన జతే పిండుకుని పొద్దున మళ్ళీ తొడుక్కో" అంది. దాని పైన ఇంకో దుప్పటి, ఇంకో తువ్వాలు.

అమ్మాయి బ్యాగు ఎత్తి చూసి, "దాదీ, సఫర్‌లో అల్లా నాలుగు రకాత్‌లని రెండు చేశాడు. నువ్వేమో బ్యాగుని రెండింతలు చేశావు" అంది. అమ్మీకి కోపం రాలేదు. దుప్పటి తీసేసింది. తర్వాత నోట్‌బుక్ దగ్గరున్న పెన్ను కూడా తీసేసి, "పెన్సిల్ పెట్టుకో బేటా" అంది.

ఎందుకని అమ్మాయి అడిగింది. అమ్మీ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

2021 నవంబర్‌లో సోమశిల నుంచి వదిలిన నీళ్ళతో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. అమ్మీ అప్పుడు కోవూరు వైపే ఒక్కతే ఉండేది. అబ్బా పోయి రెండేళ్ళు. నేను ఇవతల నెల్లూరులో కూర్చుని వరద వార్తలు రాస్తున్నాను. ఎన్ని ఊళ్ళు మునిగాయో, ఎందరిని ఎక్కడికి తరలించారో రాశాను, మా అమ్మీ దగ్గరకి మాత్రం పోలేకపోయాను. ఒక బడిలో తడి బట్టలతో రెండు రాత్రులు గడిపింది.

ఇల్లొదిలేటప్పుడు ఒక్క గఠ్రీ కట్టుకుంది. నికాహ్‌నామా, పాస్‌బుక్కులు, ఆధార్, తనకి ఒక్క అక్షరం చదవడం రాని నా తెలుగు డిగ్రీ సర్టిఫికెట్. అబ్బా డైరీ అల్మారాలోనే ఉండిపోయింది. మన ఇళ్ళల్లో కాగజ్ అంటే రేపు ఏ అఫ్సరో అడిగితే చూపించాల్సింది. డైరీని ఎవరడుగుతారు?

నీళ్ళు తీశాక డైరీ దొరికింది. ఫ్యాను కింద దస్తర్‌ఖాన్ పరిచి ఒక్కో వరఖ్ విడదీసి ఆరబెట్టాను. అబ్బా ఫౌంటెన్ పెన్నుతో రాసేవాడు. పేజీలన్నీ నీలం మరకలు, ఎక్కడో ఒక అలిఫ్, ఎక్కడో ఒక నుక్తా. ఆయనున్నప్పుడు నేను దాన్ని తెరిచి చూడలేదు. ఉర్దూ చదువుకున్న కొడుకుని నేనొక్కణ్ణే, ఎప్పుడైనా చదవొచ్చులే అనుకున్నాను. చివరి నాలుగు పేజీల్లో అమ్మీ పెన్సిల్‌తో రాసుకున్న పాల లెక్క ఉంది. ఉర్దూ అంకెలు, ఒక్కటీ చెరగలేదు.

అమ్మాయికి ఇవన్నీ ఆ రోజే తెలిశాయి. పెన్ను మళ్ళీ అడగలేదు. రెండు పెన్సిళ్ళు, ఒక చెక్కుడు మిషన్ జేబులో వేసుకుంది.

మూడో రోజు పొద్దున ఇల్లు చేరింది. జుట్టు నుంచి ఉప్పు వాసన, జానమాజ్‌కి బురద. రెండో రోజు పడవలోనే వాన పట్టుకుందట. నోట్‌బుక్ ఉబ్బి అప్పడంలా వంకర్లు పోయింది. లోపల తేదీ, టైము, గాలి ఎటు నుంచి, ఎన్ని పక్షులు, అన్నీ బూడిదరంగులో సాఫ్‌గా ఉన్నాయి.

అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. తెలుగు కదా, బొమ్మ దగ్గర ఆగింది. "ఈ సంచీ ముక్కుది ఏంటి?"

"గూడబాతు, దాదీ."

"హవాసిల్," అన్నాను నేను. ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్న లఫ్జ్, ముప్ఫై ఏళ్ళ తర్వాత నోట్లోంచి దానంతటదే వచ్చింది.

అమ్మాయి పెన్సిల్ తీసి, "హే ఏది నాన్నా? పెద్దదా, చిన్నదా?" అని నోట్‌బుక్ నా ముందుకి జరిపింది.