పిల్లి శస్త్రచికిత్సలో కోత పెట్టకూడని పద్దు

పిల్లిని పెంచుకునే మధ్యతరగతి కుటుంబం తన నెలవారీ లెక్కల్లో తిండికి, లిట్టర్‌కు, టీకాలకు చోటు కల్పిస్తుంది గానీ, వయసు మళ్లిన ఆడ పిల్లికి పాలగ్రంథుల్లో కణితి పుట్టి శస్త్రచికిత్స అవసరమైతే ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలో, తెచ్చిన సొమ్మును దేని మీద ఎంత పెట్టాలో ముందుగా ఆలోచించి ఉండడం అరుదు. డబ్బు చాలదనిపించినప్పుడు మొదట కోత పడేది మత్తుకు, నొప్పి నివారణకు సంబంధించిన పద్దుల మీదే. ఎందుకంటే కణితిని తీసేయడం కంటికి కనిపించే పని, మత్తు సవ్యంగా సాగడం, నొప్పి లేకపోవడం కనిపించేవి కావు. ఈ వ్యాసకర్త కుటుంబం తమ పదకొండేళ్ల పిల్లికి చేయించిన శస్త్రచికిత్స ఖర్చును ఆధారంగా తీసుకుని, అలాంటి బిల్లులో ఏవి తగ్గించుకోవచ్చు, ఏవి తగ్గించుకోకూడదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పిల్లి పొట్ట కింద రెండు వరుసల్లో, వరుసకు నాలుగు చొప్పున, ఎనిమిది పాలగ్రంథులు ఉంటాయి. వీటిలో పుట్టే కణితుల్లో నూటికి ఎనభై ఐదు దాకా ప్రాణాంతకమైన క్యాన్సర్లే కాబట్టి, గడ్డ ఒక్కటే తీసి ఊరుకోకుండా ఆ వైపు గ్రంథుల వరుసనంతా తొలగించడం వైద్యులు సాధారణంగా సూచించే పద్ధతి. దీన్నే మాస్టెక్టమీ అంటారు. రెండు వైపులా తీయవలసి వస్తే తరచు కొన్ని వారాల వ్యవధితో రెండు విడతలుగా చేస్తారు, అంటే మత్తు ఖర్చు కూడా రెండుసార్లు పడుతుంది. పెట్టిన ఖర్చుకు ఎంత కాలం దక్కుతుందన్నది చాలా వరకు కణితి పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది: 2 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే తీయించిన పిల్లుల్లో సగం దాదాపు మూడేళ్లు, అంతకు పైగా బతకగా, 3 సెంటీమీటర్లు దాటినవాటిలో సగం ఏడాది కూడా దాటలేకపోతున్నాయి. అందువల్ల వ్యాధి ఊపిరితిత్తులకు పాకిందో లేదో చూపే ఛాతీ ఎక్స్‌రేను మూడు కోణాల్లో తీయించడం, మూత్రపిండాల పనితీరును, థైరాయిడ్‌ను తెలిపే రక్తపరీక్షలు చేయించడం అదనపు భారం కాదు. పెద్ద మొత్తం పెట్టాలా వద్దా అని ముందే తేల్చే చిన్న మొత్తాలవి.

వ్యాసకర్త కుటుంబం రెండు చోట్ల ఖర్చు అంచనా అడిగింది. మొదటి ఆస్పత్రి, దాని పేరుతో ఇక్కడ పని లేదు, మొత్తం 26,000 రూపాయలని ఒకే ముక్కలో చెప్పింది. రెండోది 38,000 చెప్పి, ఆ మొత్తాన్ని విడదీసి కాగితం మీద రాసిచ్చింది: పరీక్షలకు 6,500, శస్త్రచికిత్సకు 16,000, మత్తుకు, ఆ సమయంలో పర్యవేక్షణకు 6,000, నొప్పి మందులకు 3,000, ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంచడానికి 2,500, తీసిన కణితిని బయాప్సీకి పంపడానికి 3,000, కాలర్‌కు, కట్లకు 1,000. తేడా 12,000 రూపాయలు. ఆ తేడా దేనికని మొదటి ఆస్పత్రిలో విచారించగా, అక్కడి ధరలో ఛాతీ ఎక్స్‌రే, బయాప్సీ, రాత్రి బస లేవని, శ్వాసనాళంలో గొట్టం వేయకుండా సూదిమందుతోనే మత్తు ఇస్తారని, ఇంటికి వెళ్లేటప్పుడు ఒక్క నొప్పి ఇంజెక్షన్ మాత్రమే చేస్తారని తెలిసింది. అంటే రెండు ధరలూ ఒకే సరుకువి కావు. తక్కువ ధరలో లేనివన్నీ పిల్లి భద్రతకు, బాధకు సంబంధించినవే. రెండో అంచనాలో మత్తు, నొప్పి నివారణ కలిసి 9,000, అంటే మొత్తంలో నాలుగో వంతు కంటే తక్కువ.

ఆ నాలుగో వంతు దేనికి ఖర్చవుతుందో తెలిస్తే దాన్ని తగ్గించమని అడగడానికి నోరు రాదు. మత్తు ఒకే మందుతో జరిగే పని కాదు. ముందుగా బ్యుటార్ఫనాల్, బ్యుప్రెనార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందును, అంటే నల్లమందు జాతికి చెందిన నొప్పి నివారిణిని, శాంతపరిచే మందుతో కలిపి ఇస్తారు. తర్వాత ప్రొపోఫాల్ వంటిది నరంలోకి ఎక్కించి నిద్రపుచ్చుతారు. పిల్లి స్వరపేటిక తాకితే చాలు బిగుసుకుపోయే స్వభావం కలది కాబట్టి దాని మీద మొద్దుబార్చే లిగ్నోకెయిన్ చిలకరించి, శ్వాసనాళంలోకి గొట్టం వేసి, అక్కడి నుంచి ఆక్సిజన్‌తో పాటు ఐసోఫ్లూరేన్ అనే వాయువును అందిస్తారు. సూదిమందు ఒకసారి ఒంట్లోకి వెళ్లాక సులభంగా వెనక్కి తీయలేము. వాయువునైతే పిల్లి పరిస్థితిని బట్టి నిమిష నిమిషానికీ పెంచవచ్చు, తగ్గించవచ్చు. పొట్ట పొడవునా వెంట్రుకలు గొరిగి పెద్ద గాయం చేస్తారు కాబట్టి చిన్న శరీరం త్వరగా చల్లబడుతుంది. వేడి దుప్పటి, రక్తపోటు కొలిచే పరికరం, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్, వాటిని కనిపెట్టుకుని కూర్చునే మనిషి, ఇవన్నీ ఆ 6,000లోవే.

బ్రిటన్‌లో 2002–2004 మధ్య జరిగిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మత్తు ఇచ్చిన ప్రతి 10,000 పిల్లుల్లో సుమారు 24 ఆ కారణంగా మరణించాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిలో ఆ సంఖ్య 11 కాగా, జబ్బుతో ఉన్నవాటిలో 140. ఆ మరణాల్లో సగానికి పైగా శస్త్రచికిత్స ముగిసిన తర్వాత, అందులోనూ ఎక్కువగా మొదటి మూడు గంటల్లో సంభవించాయి. పదేళ్లు దాటిన, క్యాన్సర్ ఉన్న పిల్లి ఈ లెక్కలో ఏ వైపుకు చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి రాత్రి బసకు అడిగిన 2,500 రూపాయలు గది అద్దె కాదు, ప్రమాదం అధికంగా ఉన్న ఆ గంటల్లో పక్కన ఒక మనిషి ఉండేందుకు చెల్లించే మొత్తం. అయితే ఆ రాత్రంతా సిబ్బంది నిజంగా ఉంటారా, తాళం వేసి వెళ్లిపోతారా అన్నది అడిగి తెలుసుకోవలసిందే. ఎవరూ ఉండనిచోట బసకు డబ్బు కట్టడం వృథా.

నొప్పి నివారణలో నేటి పశువైద్యం అనుసరించే సూత్రం, ఒకే మందును ఎక్కువ మోతాదులో ఇవ్వకుండా, వేర్వేరు దారుల్లో పనిచేసే మందులను తక్కువ మోతాదుల్లో కలిపి వాడడం. ఇందులో అన్నిటికంటే చౌకైనది, బిల్లులో దాదాపు కనిపించనిది, స్థానిక మత్తు: లిగ్నోకెయిన్‌ను గానీ బుపివాకైన్‌ను గానీ బరువును బట్టి కచ్చితంగా లెక్కగట్టి గాయం చుట్టూ ఎక్కించడం, లేదా లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపిన పలుచని చల్లటి సెలైన్‌ను గ్రంథుల వరుస కింద నింపడం. రెండో పద్ధతిని ట్యూమెసెంట్ అనస్థీషియా అంటారు. దీనివల్ల నొప్పితో పాటు రక్తస్రావం కూడా తగ్గుతుంది. స్థానిక మత్తు ఉంటే ఐసోఫ్లూరేన్ తక్కువ సరిపోతుంది, అది తగ్గితే రక్తపోటు నిలకడగా ఉంటుంది, రక్తపోటు నిలకడగా ఉంటే ముసలి పిల్లి మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం తగ్గుతుంది. ఆర్థికంగా చూస్తే ఇక్కడ మిగిల్చే కొన్ని వందల రూపాయలు తర్వాత వేలకు వేలు అడుగుతాయి: నొప్పితో ఉన్న పిల్లి తిండి మానేస్తుంది, కొన్ని రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, దానికి గొట్టం ద్వారా ఆహారం అందిస్తూ రోజుల తరబడి చికిత్స చేయాలి.

ఇంటికి వచ్చాక ఖర్చు లేని పని గమనించడం. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ‘ఫెలైన్ గ్రిమేస్ స్కేల్’ పిల్లి ముఖంలో ఐదింటిని చూడమంటుంది: చెవులు పక్కకు వాలాయా, కళ్లు సగం మూసుకున్నాయా, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా ముందుకు పొడుచుకొచ్చాయా, తల భుజాల కంటే కిందికి దిగిందా. ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు మార్కులు వేసి, పదికి నాలుగో అంతకంటే ఎక్కువో వస్తే నొప్పి మందు అవసరమని భావిస్తారు. వ్యాసకర్త ఇంట్లో ఈ మార్కులను పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే, పాల ప్యాకెట్ల సంఖ్య పక్కన, ఉదయం, రాత్రి రాశారు. ఇంటికి వచ్చిన రెండో రాత్రి ఐదు మార్కులు రాగానే డాక్టరుకు ఫోన్ చేయడం, ఆయన గాబాపెంటిన్ అనే నొప్పి మందు మోతాదు మార్చడం వల్ల అత్యవసర ఆస్పత్రికి పరుగెత్తే ఖర్చు తప్పింది. మందుల విషయంలో సొంత పొదుపు మాత్రం పనికిరాదు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్‌ను విరగ్గొట్టి వేస్తే, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేకపోవడం వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరి ప్రాణమే పోవచ్చు. వాపు తగ్గించే మెలాక్సికామ్‌ను కూడా మూత్రపిండాల పరీక్ష చూసి, డాక్టరు రాసిన కొద్ది రోజులకే వాడాలి.

ఇక సొమ్ము సంగతి. ఈ కుటుంబం నెలకు 500 రూపాయల చొప్పున ఐదేళ్లు వేసిన రికరింగ్ డిపాజిట్ వడ్డీ కాక 30,000 ఇచ్చింది; 38,000లో మిగిలినది అత్యవసర నిధి నుంచి వచ్చింది; క్రెడిట్ కార్డు వాయిదాల అవసరం పడలేదు. పెంపుడు జంతువుల బీమా పాలసీలు సాధారణంగా అప్పటికే ఉన్న జబ్బును మినహాయిస్తాయి, వయసు పరిమితి పెడతాయి, కాబట్టి గడ్డ చేతికి తగిలాక పాలసీ కొనడం వ్యర్థం. ఆదాయపు పన్నులో వైద్య బీమాకు ఉన్న మినహాయింపు కుటుంబ సభ్యులకే గానీ పిల్లికి వర్తించదు. పశువైద్యశాల అందించే చికిత్స సేవలకు మాత్రం జీఎస్టీ లేదు, కాబట్టి బిల్లులో చికిత్స మీద ఆ పన్ను వేస్తే ప్రశ్నించవచ్చు. అన్నిటికంటే పెద్ద పొదుపు పిల్లి చిన్నతనంలోనే ఉంది: 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరు నెలల లోపు అండాశయాలు తీయించిన పిల్లుల్లో ఈ క్యాన్సర్ ముప్పు 91 శాతం, ఏడాది లోపు తీయించినవాటిలో 86 శాతం తక్కువగా కనిపించింది.

38,000 రూపాయలు అందరి దగ్గరా ఉండవు. అలాంటివారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో ఉన్న పశువైద్య కళాశాలల ఆస్పత్రులు తక్కువ రుసుముతో చికిత్స చేసే ప్రత్యామ్నాయాలు. అక్కడైనా సరే మత్తును ఎవరు చూస్తారు, గొట్టం వేస్తారా, స్థానిక మత్తు ఇస్తారా, మొదటి మూడు గంటలు పక్కన ఎవరుంటారు అన్న నాలుగు ప్రశ్నలూ అడగాలి. వ్యాధి అప్పటికే ఊపిరితిత్తులకు పాకి ఉంటే శస్త్రచికిత్స మానుకుని, ఉన్న డబ్బును మిగిలిన రోజుల నొప్పి మందులకు వెచ్చించడం ఏమాత్రం తక్కువ నిర్ణయం కాదు. నొప్పి మందులు మానుకుని శస్త్రచికిత్స చేయించడం మాత్రం ఏ లెక్క ప్రకారం చూసినా పొదుపు కిందికి రాదు.