పరీక్షల తర్వాత నాగార్జునకొండ

ఎమ్మే చరిత్ర ఆఖరి పరీక్ష అయిపోయింది. హాస్టల్ ఖాళీ చేయడానికి వారాంతం దాకా గడువుంది. ఎక్కడికైనా వెళ్దామంటే మావాళ్లు సూర్యలంక సముద్రం అన్నారు. నేను నాగార్జునకొండ అని పట్టుబట్టాను. 1976లో ఏర్పడిన మా విశ్వవిద్యాలయం ఆచార్య నాగార్జునుడి పేరే పెట్టుకుంది. ఇక్ష్వాకుల గురించి పేజీలకు పేజీలు రాసి, వాళ్లేలిన నేల చూడకుండా పట్టా పుచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు.

తెల్లవారుజామున గుంటూరులో మాచర్ల బస్సెక్కాం. సత్తెనపల్లి దాటేదాకా అందరూ నిద్రే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర లేచి మాటల్లో పడ్డాం. అన్నీ నో డ్యూస్ సంతకాలు, మెస్ బిల్లు, కాషన్ డిపాజిట్ కబుర్లే. విడిపోతున్నామన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒకడు గ్రూప్స్ కోచింగుకి వెళ్తాడు, ఒకమ్మాయి బీఎడ్‌లో చేరుతుంది, ఇంకొకడు నాన్నతో మిరప చేలోకి దిగుతాడు. అందరి దారులూ అందరికీ తెలుసు.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. కింద మునిగి ఉన్నదే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955లో నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్లు రాకముందే తవ్వి తీయాలని పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో పనిచేసింది. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టింది. పాఠంలో ఇది రెండు వాక్యాలు. నీళ్లమీద కూర్చుని తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

కొండమీద దిగాక విహారాల దగ్గర చాలాసేపు ఉండిపోయాం. నడుమ మండపం, చుట్టూ భిక్షువుల గదులు. "ఒరేయ్, ఇది మన బ్లాకే రా!" అన్నాడు పక్కవాడు. నిజమే. గది పడుకోవడానికే, చదువంతా నడుమ చోటులోనే. నాకు బ్రాహ్మి అక్షరాలు వచ్చింది క్లాసులో కాదు. పాలకొండ నుంచి వచ్చిన స్నేహితుడొకడు కరెంటు పోయిన రాత్రుళ్లు సెల్‌ఫోను వెలుగులో వరండా గచ్చు మీద సుద్దముక్కతో రాసి నేర్పాడు. నాన్నకు జబ్బు చేసి, రెండో సెమిస్టరు కాగానే వాడు చదువు మానేసి కొట్టు చూసుకుంటున్నాడు.

మ్యూజియంలో స్తూపపు ఆయక స్తంభం ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివాను: చాం-తి-సి-రి. రాజు చాంతమూలుడి సోదరి, మహాచైత్యానికి దాత. పదిహేడు వందల ఏళ్ల కిందట చెక్కిన పేరు నా నోటితో పలకగలిగాను. రెండేళ్లలో నేను సంపాదించిన వాటన్నిటిలోకీ నాకు అదే గొప్పది. మార్కుల జాబితాలో అది కనిపించదు.

సాయంత్రం అనుపులో రాతి మెట్ల రంగస్థలం చూశాం. కింద మాట్లాడితే పై మెట్టుకు స్పష్టంగా వినిపిస్తుంది. మా క్లాస్ రిప్రజెంటేటివ్ మధ్యలో నిలబడి హాజరు పిలిచింది. ఒక్కొక్కరం పలికాం. పాలకొండ వాడి పేరూ పిలిచింది. అందరం ఒక్కసారే "ప్రెజెంట్ మేడమ్" అని అరిచాం.

అక్కణ్నుంచే వాడికి ఫోన్ చేశాం. కొట్లో గిరాకీల గోల వినిపిస్తోంది. శాసనంలో ఏం చదివానో చెప్పమన్నాడు. నోటుబుక్కులో రాసుకున్న అక్షరాలు వరసగా వినిపించాను.

"ఆగు, బేరం పంపించి వస్తా. మళ్లీ మొదట్నుంచీ చదువు" అన్నాడు.