సీతంపేట కొండలలో నొక గోడ

సంక్రాంతి సమీపించినదనగా మన యుత్తరాంధ్రమున గోడలకు వెల్లవేయుట యిల్లాండ్రకు పెద్దపని. శ్రీకాకుళములో మాది పాతకాలపు పెంకుటిల్లు. పోయినయేడు కూలివారు దొరకనందున నేనే కొంగు బిగించితిని. పని యంతయు నొక్క చోట నాగెను. మా యత్తగారు మధ్యాహ్నవేళల నడిమింటి గోడకు తల యానించి భాగవతము చదువుకొనుచుండెడివారు. తలనూనె యంటి యంటి యచట నరచేతి వెడల్పున మరక యేర్పడినది. ఆమె గతించి రెండేండ్లయినను మరక పోలేదు. జిడ్డుపై సున్నము పట్టదు. పట్టినట్లే యుండి పెచ్చులూడును. గీకి, కుంకుడురసముతో కడిగిననే గాని నిలువదు. చుట్టములు వచ్చినప్పుడెల్ల దానిని జూచి నాకు సిగ్గగుచుండెను. అయినను చాకు చేత బట్టి, ఎల్లుండి చూతమని మరల బెట్టితిని.

ఆ మరునాడే మావారు తమ పూర్వశిష్యుడు పిలువగా సీతంపేటకు బయలుదేరిరి. నేనును వెంట వెళ్లితిని. పాలకొండ దాటినపిమ్మట త్రోవ కొండలలో బడును. ఈ ప్రాంతము మొన్నమొన్నటివరకు మన జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యము జిల్లాలో జేరినది. ఇవి సవరల పల్లెలు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి వీరి భాష నేర్చి, వీరి పిల్లలకు బడి పెట్టి, 1938లో సవర నిఘంటువును వెలువరించిరి. నావలె గ్రాంథికము వ్రాయువారికాయన ప్రతికక్షియే యైనను, ఆ శ్రమకు నమస్కరింపక తప్పదు.

శిష్యుని యింటి చూరు మిక్కిలి క్రిందికి వ్రాలియున్నది. తల వంచి లోనికి బోయితిమి. చీకటికి కన్నులలవడినపిమ్మట గోడ కనబడినది. ఎఱ్ఱమన్ను పూసిన నేలపై బియ్యపుపిండితో తెల్లని గీతలు. చుట్టును ఇంటివలె చతురస్రపు టంచు. లోపల సూర్యచంద్రులు, చెట్లు, ఏనుగులు, గుఱ్ఱమునెక్కినవారు, వరుసలుగా నాడువారు, ఒక మూల సైకిలుకూడను! కుంచె యనగా కొన నలుగగొట్టిన పుల్లయే. ఇంత సన్నని గీత యంతటి పుల్లతో నెట్లు వచ్చెనో నాకిప్పటికి నాశ్చర్యమే.

అచ్చటచ్చట పొగచూరి గీతలు మాసియున్నవి. వెల్ల ధ్యాసలో నున్న నేను, "అమ్మా, దీనిని చెరిపి క్రొత్తగా వ్రాయింపరాదా?" అంటిని.

శిష్యుని తల్లి నావైపు వింతగా జూచెను. "అది మా యత్త యిల్లు గదమ్మా! సెరిపేత్తే ఆ ముసల్ది యెక్కడికెల్తాది?"

కుమారుడు వివరించెను. ఇంట జబ్బు చేసినప్పుడు, గతించినవారు కోరిరని పూజారి చెప్పినచో, వారికి గోడపై నిట్లు నివాసము గట్టుదురట. వ్రాయువాడు నియమముతో నుండి వ్రాయును. పిమ్మట దానియెదుట నైవేద్యము పెట్టుదురు. ఇప్పుడు కాగితముపైనను గుడ్డపైనను వ్రాసి యమ్ముటయు గలదు. అవి నివాసములు గావు, పటములు.

తిరుగు ప్రయాణమున నేనంతగా మాటాడలేదు.

మరునాడు సున్నము తడిపితిని. విరియునప్పుడది సలసల క్రాగును. పిల్లలను దరి జేరనీయరాదు. రాత్రియంతయు నాననిచ్చి, పలుచని గుడ్డలో వడియగట్టి, కొంచెము బంకనీళ్లును చిటికెడు నీలిమందును గలిపితిని. మజ్జిగవలె పలుచగా నుండవలెను. చిక్కగా నొక్కసారి పూసిన కంటె పలుచగా రెండుసార్లు పూయుట మేలు. గోడను ముందు తడిపి, తొలిపూత నిలువుగాను, మలిపూత యడ్డముగాను వేసితిని. తడిమీద వెలవెలబోయినట్లుండును, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నము మరల రాయి యగుకొలది తెలుపు తేలును.

మరకచుట్టు జేనెడు మేర విడిచితిని. పండుగకు వచ్చిన మా తోడికోడలు, "అదేమక్కా, అక్కడ మఱచితివా?" యని కుంచె యందుకొనబోయినది. "ఉండనీ, అది యత్తగారి చోటు" అంటిని. ఆమె కుంచె దింపి, కొంత సేపటికి వచ్చి, ఆ గోడ చెంతనే చతికిలబడి గుమ్మడికాయ తరుగ మొదలిడినది.