హాజరు పలుకు యంత్రములు

మా పాఠశాల ప్రయోగశాలలో నీటి వేడిని కొలుచుటకు ఒక ఉష్ణమాపకమును, ఒక జత కన్నులును చాలును. అమెరికాలో చికాగో నగర సమీపముననున్న ఆర్గాన్ పరిశోధనాలయమున అట్లు కాదు. అచ్చట సుమారు 1,100 మీటర్ల చుట్టుకొలతగల వలయమునందు ఎలక్ట్రానులు కాంతివేగమునకు మిక్కిలి సమీపమైన వేగముతో తిరుగుచు తీక్ష్ణమైన ఎక్స్-కిరణములను వెలువరించును. ఆ దారి పొడవునను అయస్కాంతములు, గాలిని తోడు పంపులు, కవాటములు లెక్కకు మిక్కిలిగా నుండును. వీనినన్నిటిని ఏ కన్నులు కనిపెట్టగలవు?

ఇందులకై 1989వ సంవత్సరమున ఆర్గాన్ వారును, న్యూ మెక్సికోలోని లాస్ ఆలమోస్ వారును కలిసి ఒక సాఫ్ట్‌వేరును వృద్ధిచేయ నారంభించిరి. దాని పేరు ఎపిక్స్. ఆంగ్లమున ఆ మాటకు మహాకావ్యములని యర్థము. పేరు కొంచెము గొప్పగానే పెట్టుకొనిరి!

దాని పద్ధతి మాత్రము మన హాజరుపట్టీ వంటిది. యంత్రములోని ప్రతి కొలతకును ఒక పేరు గలదు. ఒక కంప్యూటరునకు ఏదేని గొట్టములోని పీడనము తెలియవలసినపుడు ఆ పేరును అందరికిని వినబడునట్లు పిలుచును. ఆ పేరు ఎవరివద్ద గలదో ఆ కంప్యూటరు మాత్రమే పలుకును. పిదప విలువ మారినపుడెల్ల తానే తెలియజేయును, మాటిమాటికి అడుగనక్కరలేదు. విలువతోపాటు కాలమును, హద్దు దాటినచో హెచ్చరికయు వచ్చును. హెచ్చరికలలో స్వల్పము, తీవ్రము అను భేదము గలదు. మాకు మిక్కిలి నచ్చినది ఇదియే. మొదట దేనికొరకు పరుగెత్తవలయునో రాత్రి కాపున్నవారికి దీనివలన తెలియును. మనుష్యుల ప్రాణరక్షణకు మాత్రము దీనినే నమ్ముకొనరు. అందులకు వేరు ఏర్పాట్లుండును.

పరిశోధకులకు ఆ కిరణము కొలది దినములే లభించును. అందుకై మాసముల ముందుగా విన్నపము పంపుకొనవలయును. నడురేయి ఒక మోటారు కదలకపోయినచో ఆ శ్రమయంతయు వ్యర్థము. మూలము మూసిపెట్టిన సాఫ్ట్‌వేరైనచో అమ్మినవారి ప్రత్యుత్తరమునకై కాచుకొనుటయే గతి. ఎపిక్స్ మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పంచవచ్చును. 2004 నుండి అది బహిరంగ అనుమతిపత్రము క్రింద నున్నది. 2015లో గురుత్వతరంగములను తొలిసారి పట్టిన లైగోయందును, భారతదేశము భాగస్వామిగానున్న ఫ్రాన్సులోని ఐటర్ యందును దీనినే స్వీకరించిరి. ఇది లేనివారికి ఉన్నవారు వేయు భిక్షయని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. ధనముగల పరిశోధనాలయములకు సైతము ఇట్టిదానిని ఒంటరిగా వ్రాసి, దశాబ్దములపాటు కాపాడుట మోయరాని బరువే.

దీనిని పరీక్షించుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. మేము పైతరగతి విద్యార్థులతో ఒక సాధారణ కంప్యూటరునందు "గదివేడి" అని ఒక పేరును కల్పించి, 31 అని వ్రాసితిమి. పక్కబల్లమీది కంప్యూటరునుండి పిలువగా 31 అని బదులు వచ్చినది. 40 దాటిన తీవ్రమని హద్దు పెట్టి, 41 వ్రాసితిమి. తక్షణమే పక్కబల్లనుండి ఒక బాలిక, "తీవ్రమండీ!" అని కేక వేసినది.