ఎవరికి, ఎవరిని

"వదినకు ఈ వంజరం చేప ఇచ్చిరా పో" అని నెల్లూరు దగ్గర మైపాడు సముద్రపు ఒడ్డున తల్లి చెబితే, ఐదేళ్ళ పిల్ల కూడా మారుమాట అడగదు. చేతులు మారేది ఏదో, అది చేరేది ఎవరికో ఆ పిల్లకు పుస్తకం ముట్టకముందే తెలుసు. అదే పిల్ల కొన్నేళ్ళకు బడిలో డైరెక్ట్ ఆబ్జెక్ట్ ఏది, ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్ ఏది అంటే పెన్సిల్ పట్టుకుని ఆగిపోతుంది. తనకు బాగా తెలిసినదాన్నే ఏమీ తెలియనట్టు మొదటినుంచి నేర్పడంవల్లే ఆ ఆగిపోవడమని నా నమ్మకం.

బడిలో చెప్పే సూత్రం చిన్నది. క్రియను "వాట్" అని అడిగితే వచ్చే జవాబు డైరెక్ట్, "హూమ్" అని అడిగితే వచ్చేది ఇండైరెక్ట్. "షి గేవ్ హర్ సన్ ఎ బుక్" అన్నంతవరకూ సూత్రం నిలుస్తుంది. "షి కాల్డ్ హర్ సన్" అనగానే కూలిపోతుంది. ఇక్కడా హూమ్‌కు జవాబు కొడుకే, కానీ ఈసారి అతను డైరెక్ట్ ఆబ్జెక్ట్. తెలుగులో అడిగి చూడండి. ఎవరికి ఇచ్చింది? ఎవరిని పిలిచింది? చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

ఇంగ్లీషుకూ ఒకప్పుడు ఈ తేడా ఉండేది. వెయ్యేళ్ళ కిందటి ఆ భాషలో "ఎవరిని" అనడానికి హ్వోనె, "ఎవరికి" అనడానికి హ్వామ్ అనేవాళ్ళు. ఆ హ్వామే నేటి హూమ్. హిమ్ కూడా మొదట "అతనికి" అనే రూపమే. "అతన్ని" అనడానికి హినె విడిగా ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో ప్రత్యయాలు ఒక్కొక్కటే అరిగిపోయి, వాటి పని పదాల వరస మీద పడింది. అక్కడ ఆ అరుగుదల సాగుతున్న 13వ శతాబ్దంలోనే ఇక్కడ నెల్లూరులో మనుమసిద్ధి రాజు కొలువులో కవి తిక్కన ఉన్నాడు. ఆయనకు దశకుమారచరిత్రం అంకితమిచ్చిన కేతన ఆంధ్రభాషాభూషణం రాసి, తెలుగు విభక్తుల తీరును తెలుగు పద్యాల్లోనే చెప్పాడు. ఈ తీరపు పిల్లలకు కేతన పేరు ఇంగ్లీషు గ్రామర్ క్లాసులోనే వినబడాలి.

"వదినకు చేపలిచ్చింది" అన్నా, "చేపలు వదినకిచ్చింది" అన్నా మనకు ఒకటే. ఆ "కు" వదినను అంటిపెట్టుకుని ఎక్కడికైనా వెళ్తుంది. ఇంగ్లీషులో చోటే ఆధారం: పుచ్చుకునే మనిషి ముందు, వస్తువు వెనక. వస్తువు ముందుకొస్తే మనిషికి "టు" గానీ "ఫర్" గానీ తగిలించాలి. ఏ క్రియకు ఏది అన్నదానికి పిల్లలచేత జాబితాలు బట్టీ పట్టిస్తారు. నాకు తోచిన దారి వేరే ఉంది. మన "పెట్టు"ను అడగాలి. కొనిపెట్టింది, వండిపెట్టింది, కుట్టిపెట్టింది: వీటికి ఫర్. ఇచ్చింది, పంపింది, అప్పగించింది: వీటికి టు.

అమ్మకం దగ్గర ఈ తేడా ఎంత పదునో చూడండి. "నాకు రొయ్యలు అమ్మింది" అంటే కొన్నది నేను. "నాకు రొయ్యలు అమ్మిపెట్టింది" అంటే సరుకు నాది, బేరం చేసింది ఆమె. మొదటిదాన్ని "సోల్డ్ మి" అనొచ్చు. రెండోదాన్ని "సోల్డ్ ఫర్ మి" అనకపోతే సొంతదారు కొనుగోలుదారైపోతాడు. ఈ తీరంలోనే 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నంలో ఆర్మగాన్ పేరుతో కొఠీ పెట్టింది. అప్పుడు బట్టల బేరాల్లో రెండు భాషల మధ్య నిలబడ్డ దుబాసీలకు ఇది వ్యాకరణం కాదు, లెక్కల పుస్తకం.

తెలుగు అన్నిచోట్లా దారి చూపదు, ఆ సంగతి పిల్లలకు దాచకూడదు. "అతనికి సాయం చేశాను", "ఆమెకు ఫోన్ చేశాను" అన్నప్పుడు మనకు "కు" ఉంది. ఇంగ్లీషులో హెల్ప్, ఫోన్ క్రియల పక్కన ఆ మనుషులు డైరెక్ట్ ఆబ్జెక్టులు. "నన్ను ఒక ప్రశ్న అడిగాడు" అంటే మనది "ని", వాళ్ళ లెక్కలో మాత్రం ఆ "మి" ఇండైరెక్ట్. "నాకు ఆకలి"లో ఆబ్జెక్టే లేదు; అది ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి "ఐ" అయి వాక్యం ముందు కూర్చుంటుంది. "నాకు పాఠం వివరించండి" అన్నది తిన్నగా "ఎక్స్‌ప్లెయిన్ మి ది లెసన్" అవుతుంది. ఈ తప్పు తెలివితక్కువతనంవల్ల వచ్చేది కాదు. గివ్ పక్కన దొరికిన చోటు ఎక్స్‌ప్లెయిన్ పక్కనా దొరుకుతుందని ఆ పిల్ల సబబుగానే అనుకుంది. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, సే మనిషిని పక్కన కూర్చోనివ్వవు. "టు మి" అని వెనక రావాల్సిందే. ఎర్రసిరాతో కొట్టేసే ముందు ఈ మూడు క్రియల పేర్లూ బోర్డు మీద రాస్తే చాలు, మిగతా దారి ఆ పిల్లే పట్టుకుంటుంది.