ఏడాదంతా ఆషాఢమే

పెళ్ళయిన మొదటి ఏడు ఆషాఢంలో అమ్మాయి పుట్టింటికి రావడం, అత్తా అల్లుళ్ళు ఒక గడప దాటకూడదనుకోవడం మనకు కొత్త కాదు. నెల రోజులే కదా అని సరదాగానే గడిపేస్తాం. మా అమ్మాయికి మాత్రం ఏడాదంతా ఆషాఢమే అయింది. 2023 ఫిబ్రవరిలో పెళ్ళి చేశాం. పదహారు రోజుల పండగైనా కాకుండానే అల్లుడు కెనడా విమానం ఎక్కేశాడు. టొరంటో పక్కన ఉద్యోగం. ఏడాదికి రెండు వారాలే సెలవు, అది కాస్తా పెళ్ళికే సరిపోయింది.

భార్యను తీసుకెళ్ళాలంటే భర్త స్పాన్సర్‌షిప్పు కట్టాలి. అతనికి అక్కడ శాశ్వత నివాసం ఉంది గానీ పౌరసత్వం ఇంకా రాలేదు. పౌరసత్వం ఉన్నవాళ్ళయితే ఇక్కడుండి కూడా కట్టవచ్చట, శాశ్వత నివాసం మాత్రమే ఉన్నవాళ్ళు అక్కడే కాపురముండి కట్టాలి. అందుకని అతను ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చి కూర్చునే వీలూ లేదు. మ్యారేజి సర్టిఫికెట్టు, పెళ్ళి ఫొటోలు, ఫోనులో మాట్లాడుకున్న లెక్కలు, అన్నీ పోగుచేసి జూన్‌లో కట్టారు. ఏడాది పడుతుందన్నారు.

ఆ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. నిజశ్రావణంలో అమ్మాయి చేత మంగళగౌరి నోము పట్టించాను. వాయనం అందుకున్న ప్రతి ముత్తయిదువా గుమ్మం దిగుతూ ఒకటే ప్రశ్న, "అల్లుడు ఇంకా తీసుకెళ్ళలేదా?" అని. విదేశీ సంబంధాలు చేసుకుని మోసపోయిన ఆడపిల్లల కథలు పేపర్లో మీరూ చదివే ఉంటారు. ఆ ప్రశ్న వెనకాల ఉన్నదేమిటో నాకూ తెలుసు, పిల్లకూ తెలుసు.

అప్పుడొచ్చింది ఈ ఆలోచన. స్పాన్సర్‌షిప్పు తేలేలోగా నాలుగు నెలలు చూసొచ్చేందుకు విజిటర్ వీసా అడిగితే?

మా ఊళ్ళో ఒక ఏజెంటుంటే మావారు వెళ్ళి అడిగారు. ఆయన చెప్పింది వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. "అల్లుడి సంగతి ఎత్తకండి. నయాగరా చూడ్డానికి వెళ్తోందని రాద్దాం. మొగుడు అక్కడున్నాడంటే తిరిగి రాదని వీసా ఇవ్వరు" అన్నాట్ట. మావారు కాస్త మెత్తబడ్డారు కూడా. నేను మాత్రం ఆ రాత్రే అల్లుడికి ఫోను చేయించాను. అతను ఒకటే మాట అన్నాడు, "అత్తయ్యగారూ, నా ఫైల్లో నా భార్య పేరు వాళ్ళ దగ్గరే ఉంది. అదే ఆఫీసుకి మళ్ళీ అబద్ధం రాస్తామా?" అని. నిజమే కదండీ! వీసా కాగితాల్లో కుటుంబ వివరాల పత్రం ఒకటుంటుంది. అందులో భర్త పేరు, అతనుండే చోటు రాయాలి. అసలు సంగతి దాచినట్టు తేలితే ఐదేళ్ళపాటు ఆ దేశం గడప తొక్కనివ్వరు. నాలుగు నెలల ముచ్చట కోసం ఐదేళ్ళు పణంగా పెట్టమని చెప్పే మనిషికి మనం ఫీజు కూడా ఇవ్వాలా?

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. స్థిరపడటానికి దరఖాస్తు కట్టినంత మాత్రాన చూసి రావడానికి అడగకూడదని కెనడా చట్టంలో లేదు. 2001లో చేసిన వాళ్ళ వలస చట్టంలోనే ఆ రెండు కోరికలూ ఒక మనిషికి ఉండవచ్చని రాసి ఉంది. కాకపోతే గడువు తీరేలోగా వెనక్కి వెళ్తుందన్న నమ్మకం అధికారికి కలగాలి. అంటే మొగుడున్నాడని దాచడం కాదు మన పని, తిరిగొస్తామని చూపించడం.

అందుకని అమ్మాయి ఒక ఉత్తరం రాసింది. మావారు నా పేరిట స్పాన్సర్‌షిప్పు కట్టారు, అది నడుస్తోంది, ఇప్పుడు కొన్నాళ్ళు చూసి రావడానికే వెళ్తున్నాను, అది ఒప్పుకోకపోయినా సరే గడువులోగా తిరిగొస్తాను అని. దాని వెనక స్పాన్సర్‌షిప్పు ఫైలు అందినట్టు వాళ్ళిచ్చిన రసీదు, అల్లుడి పిలుపు ఉత్తరం, జీతం కాగితాలు, బ్యాంకు లెక్కలు పెట్టాం. మా అమ్మాయి ఇక్కడ ఒక ఆడిటరుగారి దగ్గర లెక్కలు చూస్తుంది. ఆయన పుణ్యమా అని జీతం లేని సెలవు ఇస్తూ, జూన్‌కల్లా పనిలో చేరాలని రాసిచ్చారు. జూలైలో ఇన్‌కంటాక్సు రిటర్నుల రద్దీ ఉంటుంది మరి. నన్నడిగితే బ్యాంకులో డబ్బుకన్నా ఆ ఒక్క కాగితమే ఎక్కువ పనిచేసింది. వీసాకి 100 డాలర్లు, వేలిముద్రలకి 85 డాలర్లు. వేలిముద్రలకి హైదరాబాదు వెళ్ళొచ్చాం.

అంతా సవ్యంగా ఉందనుకునేసరికి 2023 సెప్టెంబరులో రెండు దేశాలకూ చెడింది. అక్టోబరులో కెనడా తన దౌత్యోద్యోగులు 41 మందిని మన దేశం నుంచి వెనక్కి పిలిపించుకుంది. వీసాలు ఆలస్యమవుతాయన్నారు. ఎక్కడో పెద్దవాళ్ళు మాటా మాటా అనుకుంటే ఇక్కడ నా పొయ్యిమీద పాలు పొంగిపోయేవి. టీవీ చూస్తూ ఎన్నిసార్లు అడుగంటించానో లెక్కలేదు. అమ్మాయి మాత్రం పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళొచ్చేది, రాత్రి అతనికి తెల్లవారే వేళకి ఫోను చేసేది. డిసెంబరులో పాస్‌పోర్టు పంపమన్నారు.

సంక్రాంతి వెళ్ళాక ప్రయాణం. మా ఆడపడుచు, "ఎలాగూ వెళ్తోందిగా, సారె సామానంతా పంపేద్దాం వదినా" అంది. నేనొద్దన్నాను. చుట్టపుచూపుగా వెళ్ళే పిల్ల ఇత్తడి బిందెతో సహా దిగితే ఎవరికైనా అనుమానం రాదూ? ఒక్క పెట్టె, చలికోట్లు, ఆవకాయ, కందిపొడి, సున్నుండలు. తినే వస్తువు ఏదున్నా అడిగినప్పుడు దాచకుండా చెప్పమన్నాను. కాగితాలన్నీ చేతిసంచిలో పెట్టాను. ఇది గుర్తుంచుకోండి. అధికారి ముందు నిలబడేది ముందు, పెట్టె చేతికొచ్చేది తర్వాత.

వీసా అంటే తలుపు తట్టడానికి అనుమతి, అంతే. తలుపు తీసేది అక్కడి అధికారే. టొరంటోలో మా పిల్లను పక్క గదిలో కూర్చోబెట్టి అరగంట అడిగారట. "మీ ఆయన ఇక్కడే ఉంటే నువ్వు వెనక్కెందుకు వెళ్తావు?" అని సూటిగా అడిగారట. "జూన్‌లో ఉద్యోగంలో చేరాలి. ఇప్పుడు వెళ్ళిపోతేనే కదా రేపు మర్యాదగా రాగలను" అందట. తిరుగు టికెట్టు, ఆడిటరుగారి ఉత్తరం చూసి పంపించారు. పాస్‌పోర్టులో తేదీ వేరే రాయకపోతే దిగిన రోజు నుంచి ఆరు నెలలు ఉండవచ్చు.

మీలో ఎవరైనా అమెరికా సంబంధం చేసి ఉంటే ఇది అలాగే పనికొస్తుందనుకోకండి. అక్కడ చుట్టపు వీసా అడిగిన ప్రతివాళ్ళనూ ఉండిపోవడానికి వచ్చేవాళ్ళుగానే చట్టం లెక్కేస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది మనమే. గ్రీన్‌కార్డు వాళ్ళ భార్యలు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారని 2000 డిసెంబరులో ఒక ప్రత్యేక వీసా పెట్టారు గానీ, ఆ నెల 21లోగా ఫైలు కట్టినవాళ్ళకే అది. మా అక్క కూతురు ఆ తర్వాతిది. ఆ పిల్ల పడ్డ బాధ వేరే రాయాలి.

కెనడాలో ఉన్నన్నాళ్ళూ మా అమ్మాయి వంట చేసింది, మంచు చూసింది, మొగుడితో పోట్లాడింది కూడా. చారులో ఉప్పెక్కువైందని అలిగితే ఫోను పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళనక్కర్లేదు కదమ్మా అంది. ఆ మాట విని నేను చాటుగా కళ్ళు తుడుచుకున్నాను. పక్కింటి తెలుగావిడ తన పిల్లల్ని చూసుకుంటే నెలకింత ఇస్తానందట. వర్క్ పర్మిట్టు లేకుండా డబ్బు పుచ్చుకుని పని చేయకూడదు, వద్దంది. ఊరికే పాపకి ఎక్కాలు నేర్పింది.

మే నెలాఖరున తిరిగొచ్చింది. చూడాలి మా వీధి వాళ్ళ మొహాలు! "ఏమిటి, వచ్చేసిందా?" అని గొంతు తగ్గించి పరామర్శ. ఏదో జరిగిందనే అందరి ఊహ. ఎదురింటి పిన్నిగారైతే ఏకంగా మావారితో, పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడుకోండి అన్నారు. "తీసుకెళ్ళే దారి సరిగ్గా ఉండాలనే వచ్చింది పిన్నిగారూ" అన్నాను. ఆవిడకు అర్థమైనట్టు లేదు. అమ్మాయి మర్నాడే ఆఫీసుకి వెళ్ళింది.

ఆగస్టులో మెడికల్ పరీక్షలకు కబురొచ్చింది. 2024 అక్టోబరులో పాస్‌పోర్టు పంపమన్నారు. కార్తీకమాసంలో బయల్దేరింది. ఈసారి రెండు పెట్టెలు, ఒకవైపు టికెట్టే. ఇత్తడి బిందె మాత్రం బరువు సరిపోక ఆగిపోయింది. వచ్చేటప్పుడు తెమ్మని అల్లుడికి చెప్పుకుంది, అదిప్పుడు మా దేవుడి గదిలో ఉంది.